పులియని రొట్టెల పండుగ

పండుగ వచ్చుచున్నదనగానే ఇంటిలోని పురుషులకు పూజయు, పిల్లలకు పిండివంటలును, ఇల్లాలికి చాకిరియు జ్ఞప్తికి వచ్చుట లోకసహజము. ఏ మతమువారి ఇంటికైనను ఈ మాట చెల్లును. కాని ఇల్లాలి చాకిరియే మతధర్మమై, ఆమె చేయి పడనిదే పండుగ లేనట్టి పర్వమొకటి కలదు. అది యూదుల పస్కా పండుగ. ఇతర మతస్థుల గృహాచారములను సోదరీమణులకు ఎరుకపరచు ఈ శీర్షికయందు ఈ మాసము ఆ పండుగను గూర్చి వ్రాయనెంచితిమి. ఇందులకై సముద్రములు దాటి పోనక్కరలేదు. మన దేశముననే, కేరళములోని కొచ్చియందును, బొంబాయికి దక్షిణముననున్న కొంకణతీరమునందును, తరతరములుగా ఈ పండుగను జరుపుకొనిన యూదు కుటుంబములు కలవు.

పస్కా దాస్యవిమోచనపు పండుగ. ఐగుప్తు దేశమున ఇశ్రాయేలీయులు ఫరో రాజులకు దాసులై ఇటుకలు చేయుచు, అడుసు త్రొక్కుచు బ్రదికిరనియు, మోషే వారిని విడిపించి నడిపించెననియు యూదుల ధర్మగ్రంథము చెప్పును. ఆ కథలో మోషేకు ముందు వచ్చువారు స్త్రీలే. మగశిశువులను చంపుడని ఫరో ఆజ్ఞాపింపగా, శిఫ్రా, పూయా అను మంత్రసానులు ఆ యాజ్ఞను పాటింపరైరి. తల్లియైన యోకెబెదు బిడ్డను మూడు మాసములు దాచి, జమ్ముపెట్టెలో నుంచి ఏటి యొడ్డున విడిచినది. అక్కయైన మిర్యాము దూరమునుండి కాచియున్నది. ఆ బిడ్డను చూచి జాలిగొని పెంచుకొనినది సాక్షాత్తు ఫరో కూతురే. ఈ స్త్రీలు లేకున్న మోషేయు లేడు, విమోచనమును లేదు. కావుననే ఆ కాలపు పుణ్యస్త్రీల వలననే తమ జాతి విముక్తి నొందెనని యూదుల పెద్దలు చెప్పిరి.

బయలుదేరిన రాత్రి, కలిపిన పిండి పులియుటకైనను వ్యవధి లేక, పులియని పిండినే రొట్టెలుగా కాల్చుకొని తినిరట. ఆ త్వరకు గురుతుగా ఈ పండుగ దినములలో పులిసిన పదార్థమేదియు తినరాదు, ఇంట నుంచుకొనను రాదు. గోధుమ, యవలు మొదలైన అయిదు ధాన్యముల పిండికి నీరు తగిలి, కాల్చక నిలిచిన పక్షమున అది పులిసినట్లే లెక్క. పిండిలో నీరు పోసినది మొదలు పదునెనిమిది నిమిషములలో రొట్టె పొయ్యిమీద కాలవలెను. పండుగ నీసాను మాసపు పూర్ణిమ నాడు ఆరంభమగును. అది సాధారణముగా మన చైత్రపూర్ణిమ ప్రాంతమున వచ్చును. మనకు అధికమాసమున్నట్లే, పండుగ వసంతకాలమును విడువకుండుటకై వారును పందొమ్మిది సంవత్సరములలో ఏడుసార్లు ఒక నెలను అధికముగా చేర్చుకొందురు. ఇశ్రాయేలు దేశమున ఏడు దినములు, తక్కిన దేశములలో ఎనిమిది దినములు పండుగ జరుపుదురు.

నియమము చెప్పుటకు ఒక్క వాక్యము చాలును. దానిని ఇంటిలో నిలుపుట ఎట్టి పనియో తెలియవలెనన్న కొచ్చికి పోవలెను.

కొచ్చి రేవునకు చేరువనున్న మట్టాంచేరిలో రాజభవనమునకు ప్రక్కనే యూదుల వీధి యున్నది. అచ్చటి సమాజమందిరమును 1568లో కట్టిరి. కేరళమున యూదుల నివాసము అంతకంటెను మిక్కిలి ప్రాచీనము. క్రీ. శ. 1000 ప్రాంతమున భాస్కర రవివర్మ అను చేరరాజు యోసేపు రబ్బాను అను యూదు పెద్దకు తామ్రశాసనము నిచ్చి గౌరవించెను. 1980లలో ఈ వీధిలో నివసించి, నేథన్ కాట్జ్, ఎల్లెన్ గోల్డ్‌బెర్గ్ అను పండితదంపతులు అచ్చటి ఆచారములను పరిశీలించి 1993లో ఒక గ్రంథము ప్రకటించిరి. అచ్చటి పస్కా సన్నాహము చదివిన మన సోదరీమణులు, మడి యాచారములలో మనకంటె నిష్ఠాపరులు కలరా యని ఆశ్చర్యపడక మానరు.

మట్టాంచేరి స్త్రీలు పస్కాకు సుమారు నూరు దినములకు ముందే, మార్గశిర పుష్యమాసములలో వచ్చు హనుక్కా అను దీపముల పండుగ గడచిన వెంటనే, పని ప్రారంభించెడివారు. మిరపకాయలు, ధనియాలు మొదలైన సంబారములను తెచ్చి, ఏరి, కడిగి, ఎండబెట్టి, ఇంటిలోనే దంచి, పస్కాకు వేరుగా దాచెడివారు. వీరు పండుగలో అన్నము తినుట మానినవారు కారు. ఐరోపా యూదులలో పెక్కుమంది ఆ దినములలో అన్నము ముట్టరు గాని, కొచ్చివారికి అది నిషిద్ధము కాదు. అయినను బియ్యపు గింజలలో ఒక గోధుమగింజ కలిసిన నియమభంగమగును గదా! కావున బియ్యమును పళ్లెములలో పోసికొని, ఒక్కొక్క గింజను చేతబట్టి చూచి, విరిగినదియు పగిలినదియు ఏరివేసెడివారు. ఎనిమిది దినములకు ఇంటిల్లిపాదికిని చాలు బియ్యము! గింజ గింజకును చూపు ఆనించుట యెంత యోపిక గల పనియో బియ్యమేరిన చేతులకు వేరుగా చెప్పనేల?

పస్కాకు నెల దినములకు ముందు పూరీము అను మరియొక పండుగ వచ్చును. అది గడచిన పిమ్మట గోడలకు సున్నము వేయుట, నేలలు కడుగుట, పెట్టెలు బీరువాలు దులుపుట యారంభమగును. నూతిలోని నీటిని తోడించి అడుగువరకును శుభ్రము చేయించెడివారు. రాగిపాత్రలకు క్రొత్తగా కళాయి పూయించెడివారు. ఏడాది పొడుగునను వాడిన పాత్రలను గూర్చి వారి ధర్మశాస్త్రమున వివరమైన విధులు గలవు. నీటిలో వండిన లోహపాత్రను సలసల కాగు నీటిలో ముంచి తీసిన శుద్ధియగును. నిప్పుమీద పెట్టి కాల్చిన పెనమును నిప్పుతోనే శుద్ధి చేయవలెను. మట్టిపాత్రకు మాత్రము శుద్ధి లేదు. దానిని పండుగకు వాడరాదు, క్రొత్తది కొనవలసినదే. మైలపడిన మట్టికుండను పారవేయు మన యిండ్లవారికి ఈ విధి యెంత పరిచితముగా తోచునో గదా! కేరళమున ఉన్నతకులములవారి శౌచనియమముల నడుమ తరతరములు జీవించుటచేతనే కొచ్చి యూదుల పస్కా ఇంత కఠినమైనదని ఆ పండితదంపతుల యభిప్రాయము.

పండుగకు ముందటి రాత్రి యొక ముచ్చటయైన ఆచారము కలదు. ఇల్లంతయు శుభ్రమైన పిమ్మట, పది రొట్టెముక్కలను అచ్చటచ్చట దాచి, యజమానుడు దీపము చేతబట్టుకొని పిల్లలతో కూడ గది గదియు వెదకును. దొరికిన ముక్కలను మరునాటి ఉదయమున కాల్చివేయుదురు. నూరు దినములు స్త్రీలు చేసిన పనికి పురుషుడు దీపము పట్టి సాక్ష్యము చెప్పునట్లుండును.

ఇక రొట్టెలు. ఇది యొక్కరి పని గాదు. పదునెనిమిది నిమిషములలో ఒక్కతెయే పిండి కలిపి, పిసికి, ఒత్తి, కాల్చుట యెట్లు? కావున కొచ్చిలో ఇరుగుపొరుగు కుటుంబములవారు కూడి, పని పంచుకొని, వేడుకగా చేసెడివారు. ఒకరు నీరు పోయగా ఒకరు పిసుకుదురు. ఒకరు ఉండలు చేయగా ఒకరు ఒత్తుదురు. పొంగకుండ ముండ్లతో పొడిచి, వెంటనే పెనముపై వేయుదురు. పండుగ పనులన్నిటిలో అందరు చేతులును తప్పక కలియవలసిన పని యిదియే.

పండుగ రాత్రి భోజనమునకు ‘సేదెరు’ అని పేరు. క్రమము అని దాని యర్థము. బల్లమీద పళ్లెములో చేదు ఆకులు, కాల్చిన యెముక, గ్రుడ్డు, ఆకుకూర, ఖర్జూరపు పాకము అమర్చుదురు. దాసుల బ్రదుకులోని చేదునకు చేదు ఆకులు గురుతు. వారు త్రొక్కిన అడుసునకు పాకము గురుతు. ఆకలిగొన్నవారందరును వచ్చి తినవలసినదని పిలుచుటతో ఆనాటి పారాయణము మొదలగును. ఇంటిలో చిన్నబిడ్డ లేచి, ఈ రాత్రి తక్కిన రాత్రులవంటిది కాదేల యని ప్రశ్నించును. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా పెద్దలు విమోచనకథను చెప్పుదురు. ప్రతివారును నాలుగు పాత్రల ద్రాక్షరసము త్రాగవలెను. అన్నిటికంటె విశేషమేమన, ఆ రాత్రి దిండ్లపై నానుకొని, దాసులవలె గాక దొరలవలె కూర్చుండి భుజింపవలెను.

స్త్రీల మాట యేమని మీరు అడుగవచ్చును. వారి తాల్ముదు గ్రంథమున ఈ చర్చయు కలదు. ఆ యద్భుతము స్త్రీలకును జరిగినదే గావున నాలుగు పాత్రల విధి వారికిని సమానమని అందు నిర్ణయించిరి. ఆనుకొని కూర్చుండుటను గూర్చి మాత్రము, భర్త యెదుట భార్యకు అది విధి కాదనియు, గౌరవనీయురాలైన స్త్రీకి విధియే యనియు చెప్పిరి. తరువాతి శతాబ్దములలో ఐరోపాలోని ధర్మవేత్తలు, మా స్త్రీలందరును గౌరవనీయలే యని ఆ భేదమును తొలగించిరి. ఒక్క మాటతో ఇల్లాలికి దిండు దొరకినది!

దిండు దొరకినంతమాత్రమున విశ్రాంతి దొరకునా యనునదియే మా సందేహము. పైని చెప్పిన పండితదంపతులు మట్టాంచేరిలో వాడుకలోనున్న ఒక నమ్మకమును వ్రాసియున్నారు. ఆ నూరు దినములలో ఇల్లాలు ఏ కొంచెమేమరినను భర్తకును బిడ్డలకును ప్రాణాపాయము కలుగునట! సోదరీమణులారా, ఈ మాట మనకు క్రొత్తది కాదు. వ్రతమున లోపము జరిగిన పసుపుకుంకుమలకు ముప్పనియు, మడి తప్పిన వంశమునకు కీడనియు మన యిండ్లలోను బెదరించుచుండుట ఎరుంగుదుము. శౌచము మంచిది. భక్తితో బియ్యపు గింజ నేరు చేతికి మేము నమస్కరింతుము. కాని ఆ చేయి భయముతో వణకునట్లు చేయుట భక్తి కాదు. దాస్యము తొలగిన దినమును తలచుకొను పండుగకు, ఒక మనిషిని భయమునకు దాసిగా చేసి సన్నాహము చేయుట యెట్లు పొసగును?

ఈ ప్రశ్న స్త్రీల విషయమున మాత్రమే పుట్టలేదు. మట్టాంచేరి మందిరమున ఒక వర్గమువారిని ‘విముక్తులు’ అని యర్థమిచ్చు పేరుతో పిలిచి, దాసుల సంతతివారని చిరకాలము తక్కువ చూపు చూచిరి. తమ పూర్వులు దాసులు కారని వారిలో కొందరు వాదించినను, మందిరములో సమానమైన ఆసనము గాని, ధర్మగ్రంథము చదువు హక్కు గాని వారికి దొరకలేదు. ఆ వర్గమునందే జన్మించిన ఎ. బి. సేలం (1882-1967) అను న్యాయవాది గాంధీమహాత్ముని మార్గమున మందిరములోనే సత్యాగ్రహము సాగించి, ఆ భేదములను క్రమముగా సడలించెను. ఏటేట విముక్తికథను పారాయణము చేయుచు, విముక్తులను నేలపై కూర్చుండబెట్టుటలోని విపరీతమును ఆయన తనవారి కన్నులకు కట్టించెను. ఏ పండుగయైనను దాని యర్థమును తన యింటిలోనే మొదట వెదకవలెనని మేము దీనివలన నేర్చుకొనుచున్నాము.

కొచ్చిలో నియమము గ్రంథమున నుండి వంటయింటికి వచ్చినది. కొంకణములో గ్రంథమే లేని కాలమునను నియమము వంటయింటిలో నిలిచినది. ఆ కథయు వినదగినదే. బెనె ఇశ్రాయేలు అను యూదులు తమ పూర్వులు అలీబాగునకు చేరువనున్న నవ్‌గావ్ తీరమున ఓడ పగిలి ఒడ్డున పడిరనియు, ఏడుగురు పురుషులును ఏడుగురు స్త్రీలును మాత్రమే బ్రదికిరనియు చెప్పుదురు. గ్రంథములు సముద్రము పాలయ్యెనట. పిమ్మట వీరు పల్లెలలో గానుగలు ఆడించి నూనె తీయుచు జీవించిరి. శనివారమున గానుగ కట్టరు గావున పొరుగువారు వీరిని ‘శనివారపు తేలీలు’ అని పిలిచిరి. హెబ్రీ భాష మరచిరి. పండుగల పేర్లను గూడ మరచిరి. అయినను వసంతకాలమున ఎనిమిది దినములు, వంటలలో పులుపునకై నిలువ చేసికొను ‘అనాస్’ అను ద్రవపు జాడీపై మూతపెట్టి, దానిని ముట్టక యుండిరి. ఆ పండుగకు మరాఠీలో ‘అనాస్ జాడీని మూయు పండుగ’ అను నర్థమిచ్చు పేరే నిలిచిపోయినది. పులిసినది తినరాదను విధి ఎందులకో వారికి తెలియదు. మోషే కథయు జ్ఞాపకము లేదు. అత్తగారు మూసినది గావున కోడలు మూసినది. ఆ మూతక్రింద ఒక జాతి జ్ఞాపకము భద్రముగా నుండినది! తరువాతి కాలమున కొచ్చినుండి వచ్చిన బోధకులు ఆ జాడీ మూతకు కారణము తెలియజెప్పిరి. 1874లో పూనాలో పస్కా పారాయణగ్రంథము హెబ్రీ మూలముతోను మరాఠీ యనువాదముతోను అచ్చు పడినది. అందలి బొమ్మలో చీరలు కట్టుకొనిన స్త్రీలు పులియని రొట్టెలు చేయుచుందురు.

కొంకణమునను కొచ్చియందును ప్రసిద్ధమైన ఖర్జూరపు పాకము మన యిండ్లలోను సులభముగా చేసికొనదగినది. అరకిలో ఖర్జూరములను గింజలు తీసి, మునుగునంత నీటిలో రాత్రి నానబెట్టవలెను. ఉదయమున సన్నని సెగపై మెత్తబడువరకు ఉడికించి, చల్లారిన పిమ్మట చేతితో పిసికి, పలుచని గుడ్డలో వడియగట్టవలెను. ఆ రసమును మరల పొయ్యిమీద నుంచి, అడుగంటకుండ కలియబెట్టుచు, గరిటెకు పట్టునంత చిక్కగా కాచి దింపవలెను. వడ్డించునప్పుడు పైని జీడిపప్పు గాని అక్రోటుపప్పు గాని దంచి చల్లుదురు. చక్కెర యక్కరలేదు. కొంకణపు యూదులు ఎండుద్రాక్షలను నానబెట్టి తీసిన రసమునే పూజాపానముగా వాడుదురు. మాంసముతో పాలు కలుపరాదను నియమము వారికుండుటచే కూరలలో కొబ్బరిపాలు పోయుదురు.

1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడిన పిమ్మట ఈ కుటుంబములలో పెక్కు అచ్చటికి తరలిపోయినవి. 1950 దశకమున కొచ్చి ప్రాంతపు యూదులు ఊరకూరుగా బయలుదేరిరి. నేడు మట్టాంచేరి వీధిలో మందిరము చూడవచ్చు యాత్రికులే గాని, రొట్టెలు చేయుటకు కూడు స్త్రీలు లేరు. భారతదేశమంతట యూదులు కొన్ని వేలకు మించరు, వారిలో ఎక్కువమంది బొంబాయి, ఠాణా ప్రాంతములవారు. మన తెలుగునాటను గుంటూరు ప్రాంతమున చేబ్రోలునకు చేరువనున్న కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను చిన్న సమాజము కలదు. తాము ఇశ్రాయేలు సంతతివారమని 1980ల చివరినుండి ప్రకటించి, యూదుల పండుగలు జరుపుకొనుచున్న వారు తెలుగు మాటాడు కుటుంబములే.

కొచ్చి స్త్రీలు పోవుచు తమ వెంట గొనిపోయిన వస్తువులలో పాటల పుస్తకములు గలవు. ఆ యిండ్ల ఆడువారు మలయాళములో పాటలు కట్టి, చేతివ్రాత పుస్తకములలో తల్లినుండి కూతురు వ్రాసికొని, పెండ్లిండ్లలో పండుగలలో పాడెడివారు. 1951లో ఇశ్రాయేలునకు పోయిన రూబీ దానియేలు అను విదుషీమణి ఆ పాటలలో కొన్నిటిని ఆంగ్లమున అనువదించి, తన వీధి బ్రదుకును జ్ఞప్తికి దెచ్చుకొనుచు చెప్పిన గ్రంథము 1995లో వెలువడినది. వీధి ఖాళీయైనను పాట ఖాళీ కాలేదు.

ఈ పండుగ వృత్తాంతమును చదివి మన సోదరీమణులు జాడీ మూయవలెననియు, గింజ గింజ ఏరవలెననియు మేము చెప్పబోము. మన పండుగలు మనకు కలవు. సంక్రాంతికి సున్నములు, ఉగాదికి దులుపుళ్లు, నోములకు మడులు మనకును తప్పవు. ఈ పండుగనుండి ఒక్క ప్రశ్నను మాత్రము అరువు తెచ్చుకొందము. ఇంటివారందరును పండుగ భోజనమునకు కూర్చుండిన వేళ, వండిన చేయి ఎక్కడనున్నది? అంట్లు తోమ వచ్చిన మనిషి ఎక్కడ నిలిచినది? అందరును తిని లేచిన పిమ్మట చల్లారిన అన్నము ముందు అలసి కూర్చుండుటయే మన వంతైనచో, ఆ పండుగ ఇంకను మనకు చేరలేదన్నమాట. పని పంచుకొనిన ఇంటిలో పదునెనిమిది నిమిషములలో రొట్టె కాలుచుండగా, వడ్డన పంచుకొనుటకు ఇంటిలోని పురుషులకును పిల్లలకును ఎన్ని నిమిషములు కావలెను? వచ్చు పండుగకు ముందే ఈ మాటను ఇంటిలో నవ్వుచునే కదపి చూడుడు. ఆ దినమున ఒక్క పంక్తియందైనను ఇంటివారందరితోపాటు ఆకు వేసికొని కూర్చుండుడు. పండుగ ఇల్లాలికిని పండుగ కావలెనని మా కోరిక.